వైరు మోయగలిగినంత



పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి మా మేనత్త ఫోను చేసింది. "ఏరా, హాల్లో నీసు వాసన వస్తందిరా. చేపలు కాలుతున్నట్టుగా ఉంది. మీ మామయ్య పోయినకాడి నుంచి ఈ ఇంట్లో నీసు వండిందే లేదు. ఏందో ఒకసారి వచ్చి చూసిపో" అంది.

నేను ఉండేది నందిగామలో. నలభై ఏళ్ళుగా ఇళ్ళకు వైరింగు చేస్తున్నవాణ్ణి. ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది. "అత్తయ్యా, ముందు మెయిన్ ఆపెయ్యి. వెళ్ళి అరుగు మీద కూర్చో. నేను వచ్చేదాకా ఏ స్విచ్చూ వెయ్యబాక" అని చెప్పి బండి తీశాను. చిల్లకల్లు దగ్గర హైవే దిగి పేటలోకి వచ్చేసరికి ఆవిడ చెప్పినట్టే చేసి, తాటాకు విసనకర్రతో అరుగు మీద కూర్చుని ఉంది.

ఆ వాసన సంగతి ముందే చెప్పేస్తాను. స్విచ్చులు, సాకెట్లు తయారుచేసే కొన్ని రకాల ప్లాస్టిక్కు మితిమీరి వేడెక్కితే అచ్చం ఎండుచేపలు కాల్చినట్టు నీసు వాసన కొడుతుంది. పొగ కనపడదు, మంట కనపడదు. ఎక్కడో ఎలకో పిల్లో చచ్చిందేమోనని ఇల్లంతా వెతుకుతారు గానీ స్విచ్చు బోర్డు మీద చెయ్యి పెట్టి చూడరు. ఇంట్లో చేపలు లేకుండా చేపల వాసన వస్తే మెయిన్ ఆపండి. కారణం తర్వాత వెతకొచ్చు.

అత్తయ్యది పాత ఇల్లు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తండ్రి పేర వెలయించిన ఆ పేటలో అలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మూరెడు మందం సున్నపు గోడలు, టేకు దూలాలు, ముందు అరుగు, వెనక పెంకుల వసారా. హాల్లో వైరింగు 1960ల చివర చేసింది. గోడ మీద టేకు పట్టీ, దాని మీద నల్లటి రబ్బరు తొడుగు వైరు, జానెడు జానెడుకీ రేకు క్లిప్పు. గుండ్రటి చెక్క మీద గుండ్రటి నల్ల స్విచ్చు. మీలో పెద్దవాళ్ళకు కళ్ళ ముందు కనపడుతూ ఉంటుంది. ఆ పని చేసిన వైర్‌మ్యాన్ ఎవరో గానీ, పట్టీ గీత గీసినట్టు తిన్నగా ఉంది. అంత శ్రద్ధగా చేసిన పనిని చూస్తే నాకు ఇప్పటికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ పట్టీ చివర ఒక సాకెట్టు. రేడియో కోసం మామయ్య వేయించింది. ఆ ఫోనుకు నెల రోజుల ముందు మనవరాలు నాయనమ్మ ఎండకు తట్టుకోలేకపోతోందని ఒకటిన్నర టన్ను ఏసీ కొనిపెట్టింది. బిగించడానికి వచ్చినవాళ్ళు దాన్ని ఆ రేడియో లైనుకే కలిపి వెళ్ళారు.

నేను ముందు చేసిన పని కొలవడం. బోర్డు విప్పి, పూర్తిగా కాలిందేమీ లేదని చూసుకుని, ఒక్క పది నిమిషాలు మాత్రం ఏసీ వేయించాను. మీటరు దగ్గర వోల్టేజీ 222. ఏసీ సాకెట్టు దగ్గర 208. వైరును పటకారులా పట్టుకుని కరెంటు కొలిచే టాంగ్ టెస్టరులో 8 ఆంపియర్లు. ఏసీ ఆపాను. సాకెట్టు దగ్గర కూడా మళ్ళీ 222 వచ్చేసింది.

ఈ చిన్న కొలతే అంతా చెప్పేసింది. మధ్యలో 14 వోల్టులు పోతున్నాయి. 14ను 8తో గుణిస్తే 112. అంటే పాత అరవై వాట్ల బల్బులు దాదాపు రెండు వెలిగితే పుట్టేంత వేడి, ఆ టేకు పట్టీ వెంబడి, ఆ రబ్బరు లోపల, ఆ జాయింట్లలో పుడుతోంది. బల్బుకైతే గాజుబుడ్డి ఉంటుంది, చుట్టూ గాలి ఆడుతుంది. ఈ వేడికి చుట్టూ ఉన్నది ఎండిన టేకూ, యాభై ఏళ్ళ రబ్బరూ.

మీ ఇంట్లో కూడా ఈ పరీక్ష చేయించండి. కరెంటు పని తెలిసినవాళ్ళకు ఐదు నిమిషాల పని. బరువైన వస్తువు నడుస్తుండగా మీటరు దగ్గర ఎంత, సాకెట్టు దగ్గర ఎంత. తేడా రెండు మూడు వోల్టులైతే బెంగ లేదు. పది దాటిందంటే వైరు సన్నదన్నా అయ్యుండాలి, ఎక్కడో జాయింటు వదులన్నా అయ్యుండాలి. చాలాసార్లు రెండూను.

ఇక్కడే మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. సాకెట్టు దగ్గర వోల్టేజీ తగ్గిందని స్టెబిలైజరు కొనుక్కొస్తారు. స్తంభం నుంచే తక్కువ వస్తుంటే స్టెబిలైజరు పనికొస్తుంది. కానీ ఇంటి గోడలోని సన్న వైరు మూలంగా తగ్గుతుంటే అది చేటు చేస్తుంది. వోల్టేజీ పెంచి వస్తువుకు ఇవ్వాలంటే స్టెబిలైజరు గోడలోంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగాలి. వైరు ఇంకా కాగుతుంది. ఏసీ చల్లగా పనిచేస్తోందని మనం సంతోషిస్తాం.

శ్రోతలారా, వైరులో వేడి ఎలా పుడుతుందో రెండు మాటల్లో చెబుతాను, లెక్కలంటే భయపడకండి. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. అత్తయ్య హాల్లో ఆ రేడియో లైను మీద ఒకప్పుడు రేడియో, ఒక బల్బు, ఒక ఫ్యాను కలిపి అర ఆంపియరు నడిచి ఉంటుంది. ఇప్పుడు 8. కరెంటు పదహారు రెట్లు, వేడి 256 రెట్లు. జాయింటు దగ్గర 0.4 ఓము అడ్డు ఉందనుకోండి, చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన పాత జాయింటుకు అదేం పెద్ద లెక్క కాదు. అర ఆంపియరు దగ్గర అక్కడ పుట్టే వేడి వాటులో పదో వంతు. వేలు పెట్టినా తెలియదు. 8 ఆంపియర్ల దగ్గర 25 వాట్లు. రేడియో మెకానిక్కు టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే ఉంటుంది. సీసం కరిగించే ఆ మొనను తీసుకెళ్ళి, స్విచ్చు ఆన్ చేసి, గోడ మీది చెక్కలో గుచ్చి మధ్యాహ్నమంతా వదిలేస్తామా? అత్తయ్య ఇంట్లో జరిగింది అదే. యాభై ఏళ్ళు ఏమీ కాని జాయింటు నెల రోజుల్లో ఎందుకు కాగిందో దీంతో తెలుస్తుంది.

"యాభై ఏళ్ళ నుంచి ఏం కాలేదు కదరా, ఇప్పుడేం వచ్చింది?" అని అత్తయ్య నన్ను అడిగింది కూడా. పాత వైరింగు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వింటాను. వైరు మారలేదు, దాని మీద మనం పెట్టిన బరువు మారింది.

ఆ రోజుల్లో వైరు వేసినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959లో. పల్లెలకు కరెంటు ఇవ్వడానికి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది 1969లో. మన పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ వెలిగింది 1979లో. అప్పట్లో ఇంటికి నాలుగు అరవై బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒకేసారి వేసినా నాలుగున్నర వందల వాట్లు దాటేది కాదు, అంటే రెండు ఆంపియర్లలోపే. దానికి వన్ బై ఎయిటీన్ వైరు పుష్కలం. ఇప్పుడు ఒక మామూలు ఇంట్లో ఏసీ 1600 వాట్లు, గీజరు 2000, ఇండక్షన్ పొయ్యి 1800, ఇస్త్రీ పెట్టె 1000, మిక్సీ 750, పైన ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు ఇంకో 1000, ఫ్రిజ్జు సరేసరి. కూడితే ఎనిమిది వేలు దాటిపోయింది, 35 ఆంపియర్లకు పైమాటే. ఏసీ, గీజరు ఒక్క కాలంలో నడవవు, నిజమే. అయినా అందులో సగం చాలు.

వన్ బై ఎయిటీన్ అన్నాను కదా. పాత వైర్‌మ్యాన్లు ఇంకా ఆ భాషలోనే మాట్లాడతారు, ఇంటాయనకు అర్థంకాక ఊరుకుంటాడు. అందులో మొదటి అంకె వైరులో ఎన్ని పోగులున్నాయో చెబుతుంది. రెండోది ఒక్కో పోగు గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, అది తిరకాసు. వన్ బై ఎయిటీన్ అంటే 18 గేజి పోగు ఒకటి. ఇప్పటి లెక్కలో 1.17 చదరపు మిల్లీమీటర్లు. త్రీ బై ట్వంటీ అంటే 20 గేజివి మూడు పోగులు, రెండు చదరపు మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. సెవెన్ బై ట్వంటీ ఏడు పోగులు, నాలుగున్నర. ఇప్పుడు కొట్లో ఒకటి, ఒకటిన్నర, రెండున్నర, నాలుగు, ఆరు అని అడుగుతున్నాం. మీ పాత వైరు చివర తోలు తీయించి పోగులు లెక్కపెట్టించండి, అది ఏ జాతిదో తెలిసిపోతుంది. మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే సుమా. ఈ పని మీరు చేయకండి, పర్మిటు ఉన్న వైర్‌మ్యాన్‌తో చేయించండి.

మళ్ళీ అత్తయ్య ఇంటికి వస్తాను. ఏసీ పెట్టిన మర్నాటి నుంచీ ఫ్యూజు పోతూ ఉందట. పక్క వీధి కుర్రాడెవరో వచ్చి ఆ పింగాణీ ఫ్యూజు తీసేసి 20 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు, పెట్టాడు. "మామ్మగారూ, ఇంక పడదు, నిశ్చింతగా ఉండండి" అన్నాడట. నిజంగానే పడలేదు. మంచి మనసుతో చేసిన సాయమే అది, డబ్బులు కూడా తీసుకోలేదు. కానీ నేను ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఎంసీబీ గురించే.

ఎంసీబీ ఉన్నది వస్తువును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వస్తువు ఎంత లాగుతుందో చూసి దాన్ని ఎంచుకోకూడదు. గోడలో వైరు ఎంత మోయగలదో చూసి ఎంచుకోవాలి. ఎడ్లబండి ఇరుసు బలం చూసి బస్తాలు వేస్తాం గానీ, బస్తాలు ఎక్కువున్నాయని బండివాడి నోరు మూయించం కదా. ఎంసీబీ పడిపోతుంటే "ఇంత నేను మొయ్యలేను" అని వైరు మొరపెట్టుకోవడం అది. పెద్ద ఎంసీబీ వేస్తే వైరు లావెక్కదు, దాని మొర మనకు వినపడకుండా పోతుంది, అంతే.

పైగా చాలామందికి తెలియని సంగతి ఒకటి. 20 ఆంపియర్ల ఎంసీబీ 20 దాటగానే టక్కున పడదు. ప్రమాణం ప్రకారం 22 ఆంపియర్ల దాకా గంటసేపటికి కూడా పడకూడదు. 29 దగ్గర గంటలోపు పడితే చాలు. మోటారు, ఫ్రిజ్జు స్టార్టయ్యేప్పుడు లాగే క్షణకాలపు అదనానికి పడిపోకుండా అలా చేశారు. ఐదు ఆంపియర్ల లైట్ల లైను మీద ఈ ఎంసీబీ పెడితే, ఆ వైరు తన సత్తాకు ఐదారు రెట్లు మోస్తూ గంటసేపు కాగుతున్నా ఎంసీబీ ప్రమాణం ప్రకారం బాగా పనిచేస్తున్నట్టే లెక్క.

మన మెట్ట ప్రాంతానికి ఇంకో ప్రత్యేకత ఉంది, పుస్తకాల్లో పట్టికలు చూసి వైరు కొనేవాళ్ళు దాన్ని మరిచిపోతారు. 2022 నుంచి మనది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ ఎండ మాత్రం పాత కృష్ణా జిల్లా మెట్ట ఎండే. నందిగామ, జగ్గయ్యపేటల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండకు శ్లాబు ఇంకా కాగుతుంది. మామూలు పీవీసీ వైరు తొడుగు తట్టుకునే వేడి 70 డిగ్రీలు. చుట్టూ 30 డిగ్రీలుంటే వైరు తన సొంత వేడికి 40 డిగ్రీల జాగా ఉంటుంది. శ్లాబు లోపల 50 ఉంటే మిగిలింది 20 డిగ్రీలే. జాగా సగమైతే మోసే కరెంటు సుమారు ముప్ఫై శాతం తగ్గించుకోవాలి. చల్లటి చోట పది ఆంపియర్లు మోసే వైరు మన శ్లాబులో ఏడే మోస్తుంది. ఏసీ పూర్తి బలంతో నడిచేది కూడా సరిగ్గా ఆ మధ్యాహ్నమే. అందుకని మన ఊళ్ళలో ఏసీకి రెండున్నర సరిపోతుందని ఎవరన్నా చెప్పినా నేను నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరే వేస్తాను. గీజరుకూ అంతే. డబ్బు కొంచెం ఎక్కువవుతుంది. ఈ ఒక్క విషయంలో బేరం ఆడొద్దని నా మనవి.

మరి పాత ఇంట్లో ఏం చేయాలి? మొత్తం పీకి కొత్తగా వేయించుకోగలిగితే సరే. సున్నపు గోడలు, రాతి గోడలు పగలగొట్టడం ఎంత పనో, ఎంత ఖర్చో నాకు తెలుసు. గాడి తీస్తుంటే పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతాయి. కాబట్టి ముందు ఒకటి తేల్చుకోవాలి. పాత వైరు సన్నదా, లేక చచ్చిందా? రెండూ వేరు.

చచ్చిన వైరంటే తొడుగు పోయినది. వంచితే రబ్బరు పెళుసుగా విరిగి పొడిపొడిగా రాలుతుంది. అలాంటి దాని మీద జీరో బల్బు కూడా వద్దు, తీసెయ్యాల్సిందే. తొడుగు గట్టిగా ఉందా లేదా కంటికి తెలియకపోతే మెగ్గరు అనే పరికరంతో పరీక్ష చేస్తారు. వస్తువులన్నీ తీసేసి 500 వోల్టులు పెట్టి చూస్తే అడ్డు ఒక మెగా ఓముకు తగ్గకూడదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగినప్పుడూ, 2024 సెప్టెంబరు వరదల్లోనూ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినవాళ్ళు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. గోడ ఆరినా, గోడలో గొట్టం వంపుల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి.

సన్న వైరు వేరు. తొడుగు బాగుంది, మెగ్గరు పరీక్షలో నెగ్గింది, కాకపోతే సన్నది. దాన్ని పీకనక్కర్లేదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ పనికే ఉంచండి. లైట్లు, ఫ్యాన్లు, టీవీ, సెల్‌ఫోను చార్జరు. ఇప్పటి ఎల్ఈడీ బల్బులు తొమ్మిది వాట్లు, కొత్త రకం ఫ్యాన్లు ముప్ఫై వాట్లలోపు. నిజానికి పాత లైటు లైను మీద బరువు అప్పటికంటే ఇప్పుడే తక్కువ. దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ పెట్టండి. ఆ లైను మీద పెద్ద సాకెట్టు ఉంటే తీయించి మూత వేయించండి. సాకెట్టు కనపడితే రేపు ఎవరో ఒకరు ఇస్త్రీ పెట్టె పెడతారు. బరువైన ప్రతి వస్తువుకూ మీటరు పక్క బోర్డు నుంచి విడిగా కొత్త లైను, ఫేజు, న్యూట్రలు, ఎర్తు మూడూ దానివే, మధ్యలో జాయింటు లేకుండా వస్తువు దాకా లాగించండి. గోడ పగలగొట్టలేకపోతే పైన కేసింగ్ పట్టీలో వేయించండి. అందం కాస్త తగ్గుతుందని ఇంట్లో గొణుగుతారు. నాలుగు రోజులకు అలవాటవుతుంది.

గొట్టంలో పాత వైరుంటే దాని చివర కట్టి కొత్తది లాగడం వైర్‌మ్యాన్లకు అలవాటు. సాఫీగా వస్తే మంచిదే. పట్టేస్తే బలవంతాన గుంజనివ్వకండి. పాత ఇనప గొట్టాల అంచులు కత్తుల్లా ఉంటాయి, కొత్త వైరు తోలు లోపలే చీరుకుపోయి బయటికి ఏమీ కనపడదు.

అల్యూమినియం సంగతి. రాగి దొరక్క, ధర అందక మన దగ్గర ఎన్నో ఇళ్ళకు అల్యూమినియం వైరు వేశారు. చూడటానికి వెండిలా తెల్లగా ఉంటుంది. అదే మందం రాగి వైరుతో పోలిస్తే దాని అడ్డు ఒకటికి 1.6 రెట్లు. అసలు బాధ జాయింట్లలో. గాలి తగలగానే దాని మీద పట్టే పొర కరెంటును అడ్డుకుంటుంది. వేడికి రాగికంటే ఎక్కువ సాగుతుంది, ఏసీ ఆగి నడిచినప్పుడల్లా స్క్రూ కింద కొంచెం కొంచెం వదులవుతుంది. దానికి రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టడం ఇంకా అన్యాయం. అమెరికాలోనూ 1965 నుంచి 1973 దాకా లక్షల ఇళ్ళకు అల్యూమినియం వేశారు. 1972కు ముందు తయారైన ఆ వైరున్న ఇళ్ళలో జాయింట్లు నిప్పంటుకునేంత వేడెక్కే ప్రమాదం రాగి వైరున్న ఇళ్ళకంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ తేల్చింది. మన పిల్లలెవరైనా అక్కడ ఆ కాలపు ఇల్లు కొంటుంటే ఈ ఒక్క మాట ఫోన్లో చెప్పండి. పైగా అక్కడ గోడ సాకెట్టులో వచ్చేది 120 వోల్టులు, అదే పనికి కరెంటు ఇంచుమించు రెండింతలు కావాలి.

ఇక న్యూట్రలు. అత్తయ్య ఇంటి పాత బోర్డులో ఫేజుకూ న్యూట్రలుకూ రెంటికీ ఫ్యూజులున్నాయి. ఆ కాలం పద్ధతి అది. కుర్రాడు ఫేజు ఫ్యూజు మార్చి న్యూట్రలు ఫ్యూజు అలాగే వదిలేశాడు. న్యూట్రలు ఫ్యూజు పోతే లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. కరెంటు పోయిందనుకుని హోల్డరులో వేలు పెడతాం. ఫేజు అక్కడే కాచుకుని ఉంటుంది. మీ పాత బోర్డులో న్యూట్రలుకు ఫ్యూజు కనపడితే ముందు అది తీయించి, రెండు వైర్లనూ కలిపి ఒకేసారి తెంచే స్విచ్చు పెట్టించండి.

కొత్త బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. వెళ్ళిన కరెంటంతా తిరిగి వస్తోందా లేదా అని అది చూస్తుంది. ఎక్కడో మనిషి ఒంట్లోంచి నేలలోకి కారుతుంటే కళ్ళు మూసి తెరిచేలోపు తెంచేస్తుంది. పాత ఇళ్ళల్లో దీన్ని పెట్టగానే పడిపోతుంటుంది. అప్పుడు వినపడే మాట "ఇది పనికిమాలింది, తీసేద్దాం" అని. దయచేసి తీసేయనివ్వకండి. అది పడుతోందంటే ఒక గది న్యూట్రలు ఇంకో గది లైనులో కలిసి ఉంది, లేదా ఎవరో ఎర్తును న్యూట్రలుగా వాడారు, లేదా ఎక్కడో తడి వైరు గోడకు కారుతోంది. వెతకడానికి ఒక రోజు పట్టవచ్చు. నేను ఒక ఇంట్లో రెండు రోజులు వెతికాను. స్నానాలగది బల్బు న్యూట్రలు కోసం నీళ్ళ పైపును వాడారని తేలింది. ఆ పైపు పట్టుకుని ఆ ఇంటి పిల్లలు రోజూ స్నానం చేస్తున్నారు.

ఎర్తు గురించి మన నేల మాట చెప్పాలి. ఇక్కడ సిమెంటు కర్మాగారాలు ఊరికే రాలేదు, కింద ఉన్నది సున్నపురాయి. దాని మీద నల్లరేగడి. రాతిలో ఎర్తు సరిగా కుదరదు. రేగడి వానాకాలం బాగానే పట్టుకుంటుంది గానీ ఎండాకాలం బీటలు వారి గొట్టానికీ మట్టికీ మధ్య సందు పడుతుంది. ఎర్తు గొయ్యి బావి దగ్గరో, అంట్లు తోమే చోటో, ఎప్పుడూ తడి ఉండేచోట తవ్వించండి. బొగ్గూ ఉప్పూ వేయించి, వేసవిలో రోజూ ఒక బిందె నీళ్ళు పోయించండి. మూడు పిన్నుల సాకెట్టు ఉంటే ఎర్తు ఉన్నట్టు కాదు. పై రంధ్రం వెనక వైరే లేని సాకెట్లు నేను వందలు చూశాను.

వైరు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, 694 నంబరు ప్రమాణం చూసుకోండి. ఇంకో సులువు ఉంది. రెండున్నర వైరు 90 మీటర్ల చుట్టలో రాగి ఒక్కటే రెండు కిలోలకు అటూఇటూ ఉంటుంది, తోలు బరువు అదనం. కాటా మీద పెడితే చుట్ట మొత్తం రెండు కిలోలు కూడా తూగకపోతే అందులో రాగి తక్కువన్నా ఉండాలి, పైన రాగి పూసిన అల్యూమినియమన్నా అయ్యుండాలి. పాత సన్న వైరు తీసి కొత్త సన్న వైరు వేసుకున్నట్టవుతుంది.

ఇంట్లో ఇంత మార్చాక కరెంటు ఆఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టండి. 2020 నుంచి మనకు విజయవాడ కేంద్రంగా ఏపీసీపీడీసీఎల్ అనే కరెంటు పంపిణీ సంస్థ ఉంది. కిలోవాటుకు తీసుకున్న సర్వీసు మీద నాలుగు కిలోవాట్లు నడిపితే స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరుకూ, వీధి ట్రాన్స్‌ఫార్మరుకూ అదే కష్టం.

అత్తయ్య ఇంట్లో పని నాలుగు రోజులు పట్టింది. హాల్లో రబ్బరు వైరు క్లిప్పులు ఊడదీస్తుంటే చేతిలో నల్లటి పొడై రాలింది. దాన్నంతా తీసేశాను. ఏసీ సాకెట్టు వెనక టేకు పట్టీ అరచెయ్యంత మేర బొగ్గై ఉంది. అత్తయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది, ఏమీ మాట్లాడలేదు. ఏసీకి, గీజరుకు, వంటింటికి మూడు కొత్త లైన్లు. వెనక గదిలో 1980ల నాటి పీవీసీ వైరు పరీక్షలో బాగానే నిలబడింది, దాన్ని 6 ఆంపియర్ల ఎంసీబీ కింద లైట్లకు ఉంచాను. ఆ పక్క వీధి కుర్రాడిని పిలిచి నాలుగు రోజులూ నాతో పెట్టుకున్నాను. ఇప్పుడు వాడి సంచిలో టాంగ్ టెస్టరుంది.

చివరి రోజు అత్తయ్య, "మీ మామయ్య రేడియోకి పెట్టిన ప్లగ్గు ఉంచుతావా, తీస్తావా?" అని అడిగింది. ఆ చోటే, ఒకటిన్నర వైరుతో, ఎర్తుతో కొత్త సాకెట్టు పెట్టాను. దానికి రేడియో తప్ప ఇంకేదీ తగిలించనని మాటిచ్చింది. ఈ ప్రసంగం ఏ వేళకు వస్తుందో ముందే చెప్పి ఉంచాను. అత్తయ్యా, వింటున్నావు కదూ?